దించాక వేసే పూలు

మా బావ చనిపోయాడు. అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో ఒక షాపు ముందు, పార్కింగ్ దగ్గర మొదలైన గొడవలో ఎవడో తుపాకీ తీసి రెండుసార్లు కాల్చాడు. అబద్ధం ఎందుకు, ముందు కారు దిగి అవతలివాడి కాలర్ పట్టుకున్నది బావే. పోలీసులు ఆ మాట చెబితే మాలో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. బావ కోపానికి మా అక్క ఇంట్లో మూడు తలుపులు బలయ్యాయి. చదివేవాళ్ళు నవ్వినా సరే, అంత ఓర్పుగా నాకో పని నేర్పిన మనిషి ఇంకొకరు లేరు.

ఆ పని బీరు కాయడం. గ్యారేజీలో, పెద్ద స్టీలు గిన్నెలో. ఆర్నెల్లుగా మా ఇద్దరికీ ఒకటే పిచ్చి: లేత బంగారు రంగులో, నాలుకకు తేలిగ్గా, ముక్కుకు మాత్రం హాప్స్ పూల వాసన గుప్పుమనే బ్లాండ్ ఏల్ రకం బీరు. మొలకెత్తించి ఎండబెట్టిన లేత రంగు బార్లీ మాల్ట్, నురుగు నిలవడానికి కాస్త గోధుమ మాల్ట్, అంతే. గొడవంతా చేదూ వాసనా రెండూ ఇచ్చే ఆ పూలు ఎప్పుడు వేయాలన్న దాని మీదే. మొదటిసారి పూలను పులిసిన బీరులో మరీ ఎక్కువ రోజులు నాననిచ్చాం, పచ్చిగడ్డి వాసన వచ్చింది. బావ బకెట్ ఎత్తి ఫెన్స్‌కేసి కొట్టాడు. పది నిమిషాలయ్యాక పెన్ను తీసుకుని, తప్పెక్కడ జరిగిందో రాసుకుంటూ కూర్చున్నాడు.

నాకు చేదు ఇష్టం. "మొదట్లోనే వేద్దాం బావా, గంటసేపు మరిగితేనే చేదు దిగుతుంది," అనేవాణ్ణి.

"చారుల కొత్తిమీర ఎప్పుడేస్తవ్ రా? దించినంక! చేదు ఎవడన్న తెస్తడు. వాసన తెచ్చేటోడే మొనగాడు," అనేవాడు.

నాలుగోసారి, బావ ఫోన్లో ఉండగా, మరుగుతున్న గిన్నెలో దొంగతనంగా రెండు గుప్పెళ్ళ పూలు పడేశాను. ఇట్టే పసిగట్టాడు. గరిటెతో నా వీపు మీద ఒక్కటిచ్చి గిన్నెను కాలితో తన్నాడు. మరిగే మాల్ట్ నీళ్ళు నా ఎడమ పాదం మీద పడ్డాయి. సాక్సుతో పాటే చర్మం ఊడి వచ్చింది. నన్ను ఎత్తి కారులో వేసుకుని, అడ్డొచ్చిన ప్రతివాణ్ణీ బూతులు తిడుతూ అర్జెంట్ కేర్ క్లినిక్‌కి డ్రైవ్ చేసిందీ బావే. దారంతా ఏడ్చాడు.

"సారీ చెప్పు బావా," అన్నాను.

"ముందుగాల నువ్వు చెప్పు. ఎవన్ని అడిగి ఏసినవ్?"

ఇద్దరం చెప్పలేదు. బావ ఫోన్ చేస్తేగానీ ఆ గడప తొక్కనని అక్కతో అన్నాను. ఐదు వారాలు గడిచాయి. ఫోన్ వచ్చింది, కానీ అక్క దగ్గర్నుంచి. మాటలు లేవు, కేకలే.

కర్మలన్నీ అయ్యాక గ్యారేజీ తలుపు తీశాను. మూలన బీరు పులుస్తున్న బకెట్, దాని మీద అంటించిన కాగితం. మాల్ట్ ఎంత, ఎంతసేపు మరిగింది, అన్నీ బావ చేతిరాతలో ఉన్నాయి. ఆఖరి లైను: "గురువారం. బామ్మర్దిని పిలవాలె. పూలు వాడే ఏస్తడు."

బావని కాల్చింది మంగళవారం.

అక్కడే నేల మీద కూలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. రెండు రోజులు ఆగలేకపోయావా? ఆ పార్కింగ్ నీ అబ్బ సొమ్మా? తిట్టి తిట్టి గొంతు పోయాక లేచి పూలు వేశాను. మూడు రోజులాగి సీసాల్లో నింపాను.

మరో రెండు వారాలకు ఒక సీసా తెరిచి గ్లాసులో పోశాను. బావ చెప్పిందే నిజం. నాలుక మీద చేదు ఉందా లేదా అన్నట్టుంది, ముక్కు నిండా నారింజ తొక్క వాసన. "సారీ బావా, తప్పు నాదే," అని పైకే అన్నాను.

ఎప్పుడొచ్చిందో, అక్క వెనకే నిలబడి ఉంది. జన్మలో మందు ముట్టని మనిషి.

"దీని కోసమేనా మీరిద్దరూ కొట్టుకు చచ్చింది?"

నా చేతిలో గ్లాసు లాక్కుని వాసన చూసింది. ఉన్నట్టుండి పళ్ళు బిగించి, బలమంతా పెట్టి గోడకేసి విసిరింది. పెంకులు నా కాళ్ళ దాకా ఎగిరాయి. గోడ మీంచి నురుగు మెల్లగా కిందికి జారుతోంది. అక్క దాన్నే చూస్తూ చెయ్యి చాపింది.

"ఇంకోటి పొయ్యరా."