ముడి లేని చుట్టకుదురు

కూర్మమ్మ నడినెత్తి మీద పెద్ద బొట్టుబిళ్లంత మేర జుట్టు లేదు. ఏళ్ల తరబడి చేపల తట్ట మోసిన చోటు అది. కళ్లున్న రోజుల్లో లక్ష్ముడికి అది ఎప్పుడూ కనబడలేదు. కనబడకేం, కనబడే ఉంటుంది. పట్టించుకోలేదు, అంతే. కళ్లు పోయాక ఒక సాయంత్రం ఆవిడ తల పోటుగా ఉందంటూ వచ్చి, ఆముదం సీసా చేతికిచ్చి ముందు కూలబడింది. రాస్తూ రాస్తూ ఉంటే అతని వేలు అక్కడ ఆగింది. వెంట్రుక లేదు సరికదా, చర్మం కాయకట్టి ఉంది. మధ్యలో చిన్న పుండు కూడా.

"ఇదేటే?"

"ఏటుంటాది, తట్ట."

"సుట్టకుదురు ఎట్టుకోవేటి?"

"ఎట్టుకోకేం. పాత సీర ముక్క సుట్టి ఎట్టుకుంటాను. నాలుగీదులు తిరిగేసరికి అదీ అణిగిపోయి రేకుముక్కనాగ అయిపోతాది. నువ్వు ఆపకు, రాయి."

చుట్టకుదురు అంటే తెలిసిందే కదా. నెత్తి మీద బరువు పెట్టుకునే ముందు గుడ్డను గుండ్రంగా చుట్టి కింద పెట్టుకుంటారు, అది. లక్ష్ముడు ఆముదం రాయడం పూర్తిచేశాడు కానీ, ఆ పుండు మాత్రం అతని వేలికి అంటుకునే ఉండిపోయింది.

వాళ్లది కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డు పేట. లక్ష్ముడికి నీటికాసుల జబ్బు వచ్చి చూపు పోయింది. మొదట పక్కచూపు తగ్గుతూ వచ్చింది. ఎండలో, ఉప్పుగాలిలో తిరిగేవాళ్లకి ఇది మామూలేలే అనుకుని ఊరుకున్నాడు. పడవ మీద పక్కనున్న మనిషికి గెడ తగిలించినప్పుడు కూడా వాడిదే తప్పన్నాడు. ఆస్పత్రికి వెళ్లేసరికి, పోయిన చూపు తిరిగి రాదన్నారు. తన మొండితనమే తన కళ్లు తినేసిందని అతనికి తెలుసు. ఎవరి ముందూ దాచడు కూడా.

కొడుకు నరేష్ గుజరాత్ వెళ్లి వెరావల్ బోట్ల మీద పనిచేస్తాడు. ఇంట్లో ఉండేది ముగ్గురు: లక్ష్ముడు, కూర్మమ్మ, కోడలు గౌరి. కూర్మమ్మ పొద్దున్నే రేవులో చేపలు ఎత్తుకుని, ఆటోలో లోపలి ఊళ్లకి పోయి, వీధి వీధీ తిరిగి అమ్ముకొస్తుంది. గౌరి ఇంటిపని చేసుకుంటుంది. లక్ష్ముడు మంచం మీద కూర్చుంటాడు. లేచి నీళ్లబిందె పట్టుకుంటే "నువ్వుండు మావా" అంటుంది గౌరి. పొయ్యి దగ్గరికి పోతే "కాల్సుకుంటావు, ఇవతలికి రా" అంటుంది కూర్మమ్మ. ప్రేమగానే అంటారు. అందుకే ఏమీ అనలేడు.

ఒకప్పుడు ఆ పేటలో వల అల్లాలంటే లక్ష్ముడే. ఇప్పుడు మిషను వలలు కొంటున్నారు గానీ, చిరిగితే బాగుచేసేది మాత్రం మనిషి చెయ్యే. కళ్లు పోయిన కొత్తలో, పడవలో తన పాత జతగాడు ఎర్రన్న వల తెచ్చిచ్చాడు. లక్ష్ముడు తడుముకుంటూ అల్లాడు. ముడులు బాగానే పడ్డాయి. కాకపోతే ఒక చిరుగు అంచు తీసుకెళ్లి వేరే చిరుగు అంచుకు కలిపేశాడు. నీళ్లలో వేస్తే ఆ వల చంకలో చెయ్యి ఇరుక్కున్న చొక్కాలా ముడుచుకుపోయింది. ఎర్రన్న ఏమీ అనలేదు. మళ్లీ వల తేలేదు, అంతే. పడవ వచ్చినప్పుడల్లా నాలుగు చేపలు మాత్రం గుమ్మంలో పెట్టి పోతున్నాడు. ఆ చేపల కూర లక్ష్ముడికి గొంతు దిగదు.

అతనికి కావలసింది ఒక్కటే. తన చెయ్యి పడ్డ వస్తువు ఒకటి ఇంట్లో వాడకంలో ఉండాలి. జాలికి కాదు, పనికి రావాలి. కూర్మమ్మ నెత్తి మీద పుండు తగిలాక ఆ వస్తువేమిటో కూడా తేలిపోయింది.

గౌరి విజయనగరంలో హాస్టల్లో ఉండి చదువుకున్న రోజుల్లో క్రోషా అల్లిక నేర్చుకుంది. చివర చిన్న కొక్కెం ఉన్న సూదితో దారం లాగి లాగి గుమ్మాలకు తోరణాలు అల్లుతుంది. ఆ పని చేసేటప్పుడు ఆవిడ గాజులు ఒక వరసలో చప్పుడవుతాయి. లక్ష్ముడు ఆ చప్పుడు రోజూ వింటున్నాడు.

"గౌరీ, ఆ అల్లిక నాకు సెప్పు."

"నీకెందుకు మావా?"

"మీయత్తకి సుట్టకుదురు మీద తొడుగు అల్లుతాను. మెత్తగా, మందంగా."

గౌరి నవ్వబోయి ఆగిపోయింది. నవ్వు ఆపుకోనిది ఎర్రన్నే. చేపలు పెట్టడానికి వచ్చి గుమ్మంలో అంతా విన్నాడు.

"ఏటి బావా, ఆడోల్ల పనిలో దిగిపోతన్నావు. రేపు సీర కూడా కడతావేటి?"

"కడదును గానీ, నీ పెల్లాం సీర నాకు సాలదురా."

నేర్పడం దగ్గర మాత్రం తిప్పలు వచ్చాయి. "ఇల్లాగ సూడు మావా" అనేసి గౌరి నాలుక్కరుచుకుంది. చెయ్యి పట్టి నేర్పుదామంటే కోడలు మావ చెయ్యి పట్టుకోవడం ఆ ఇళ్లలో లేదు. అందుకని మధ్యలో కూర్మమ్మను కూర్చోబెట్టారు. గౌరి అత్త చెయ్యి పట్టుకుని తిప్పుతుంది, అత్త మొగుడి చెయ్యి పట్టుకుని తిప్పుతుంది. ఎండలో తిరిగొచ్చిన మనిషి, చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టి అడ్డపొగ పీలుస్తూ, రెండు చేతులూ ఇద్దరికిచ్చేసి కునికిపాట్లు పడింది. గౌరి ఇటు తిప్పితే అటు దారం చిక్కుపడింది.

"అత్తా, తొంగున్నావేటి?"

"నేదే. సెయ్యి నీకాడ ఉన్నాది కదా, నాతో పనేటి?"

అది సాగేది కాదని తేలిపోయాక గౌరికి ఒక ఉపాయం తట్టింది. పెరట్లో పడవ లంగరు తాడు పాతది ఒకటి పడి ఉంది. బొటనవేలంత లావు. దాన్ని తెచ్చి, సూది లేకుండా ఉత్త చేతులతోనే పెద్ద పెద్ద ఉచ్చులుగా అల్లి మంచం మీద పెట్టింది. ఒక ఉచ్చులోంచి తాడు లాగితే ఇంకో ఉచ్చు. దాంట్లోంచి ఇంకోటి. లక్ష్ముడు గుప్పిటంతా పెట్టి తడిమాడు. తాడు ఎక్కడ దూరిందో, ఎక్కడ తేలిందో, ఏది దేని మీద కూర్చుందో చేతికి తెలిసిపోయింది. తాడంటే అతనికి చుట్టమే కదా. దాన్నే సన్నం చేస్తే దారం. మర్నాటికి కొక్కెం సూది పట్టాడు. వంకరగానే వచ్చింది గానీ, వచ్చింది.

తర్వాత గౌరి చెల్లెలి పెళ్లని పుట్టింటికి పోయింది. లక్ష్ముడు ఒక్కడే పనిలో పడ్డాడు.

దారం ఉండ ఒకచోట ఉండదు. మంచం మీంచి దొర్లి ఎక్కడికో పోతుంది. నేల మీద పాకి వెతుక్కోవాలి. రెండు మూడుసార్లు చూసి, తన పాత వల అల్లే వెదురు కండె తీశాడు. దారం మొత్తం దాని మీదికి చుట్టుకున్నాడు. ఇప్పుడది దొర్లదు. చేతికి కూడా ఎంతో అలవాటైన వస్తువు. ఆ కండె చేతిలోకి వచ్చాక చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఉచ్చు లాగడం, కండె దూర్చడం, బిగించి ముడి వెయ్యడం. వల అల్లేవాడు ప్రతి కన్నుకూ ముడి వేస్తాడు. ముడి లేకపోతే చేప ఉంటుందా? తను ముడి వేస్తున్నట్టు లక్ష్ముడికి తెలుసు. పైగా గౌరి చెప్పినదానికంటే తన పద్ధతే గట్టిదని లోపల్లోపల ముచ్చటపడ్డాడు కూడా.

పట్టీలా అల్లి, పాత చీర గుడ్డ చుట్టిన కుదురు మీద తొడిగి, అంచులు కలిపేశాడు. కూర్మమ్మ చేతికిచ్చాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి, వేళ్లతో నొక్కి చూసినట్టుంది.

"బాగున్నాదయ్యా" అంది.

మర్నాడు తిరిగి రాగానే అడిగాడు. "ఎలాగున్నాది?"

"ఎన్నపూసనాగున్నాది."

ఆ పూట ఎర్రన్న చేపల కూరతో కూడా కడుపునిండా తిన్నాడు లక్ష్ముడు. గౌరి తిరిగొచ్చాక, "మీయత్త నా కుదురు ఒగ్గడం నేదు" అని చెప్పుకున్నాడు. గౌరి "అవును మావా" అంది. గబగబా పొయ్యి దగ్గరికి పోయింది.

కొన్నాళ్లకి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, చుట్ట కోసం గోడగూట్లో చెయ్యి పెట్టాడు. చుట్టలకి వెనకాల ఏదో గుండ్రంగా తగిలింది. తీసి తడిమాడు. తన కుదురే. ఈవేళ మరిచిపోయి వెళ్లిందేమో అనుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

వాసన లేదు.

ఆ ఇంట్లో చేప వాసన లేని వస్తువు ఉండదు. తలుపుకి ఉంటుంది, తలగడకి ఉంటుంది, కూర్మమ్మ కొత్తచీరకీ ఉంటుంది. రోజూ తట్ట కింద ఐసునీళ్లలో నానాల్సిన కుదురుకి కొత్త దారం వాసన, కాస్త పొగాకు వాసన. అంతే.

లక్ష్ముడు దాన్ని నెత్తి మీద పెట్టుకున్నాడు. తడుముకుంటూ పోయి నీళ్లబిందె ఎత్తుకుని దానిమీద పెట్టాడు. బిందె నిండా నీళ్లున్నాయి. పది అంగలు వేసేలోపు ముడులన్నీ ఒక్కొక్కటీ నెత్తిలో దిగాయి. ఉల్లిగడ్డల బుట్ట బోర్లించి తలమీద పెట్టినట్టుంది. దించబోతుంటే సగం నీళ్లు ఒంటి మీద పడ్డాయి.

కూర్మమ్మ తిరిగొచ్చేసరికి అదే తడిబట్టతో గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. కుదురు ఒళ్లో ఉంది.

"ఎన్నపూస ఇదేనేటే?"

కూర్మమ్మ తట్ట దించింది. దొరికిపోయానని అర్థమయింది. కానీ ఆవిడ దొరికిపోయి బేలగా మాట్లాడే మనిషి కాదు.

"మరేటి సెయ్యమంటావు? ఒకరోజు ఎట్టుకున్నాను. రాల్ల మీద తొంగున్నట్టయినాది నా నెత్తికి. పుండు రేగి రగతం కూడా ఒచ్చినాది."

"ఆమాట నాకు సెప్పాల కదా."

"సెప్తే నువ్వు మల్లీ మంచం ఎక్కీసి గోడకేసి తిరిగిపోతావు. ఎర్రన్న వల తేడం మానీసినప్పుడు సూసినాను కదా, రెండు రోజులు బువ్వ తిన్నేదు."

"ఎర్రన్న ఏటీ సెప్పనేదనే తిన్నేదే. ఎక్కడ తప్పినానో సెప్పుంటే మల్లీ అల్లీవోడ్ని. ఆడూ సెప్పడు, నువ్వూ సెప్పవు. నాను అల్లింది బాగోనేదని తిట్టీ మడిసే నేకపోతే, ఇంక నాను అల్లీదెందుకు?"

కూర్మమ్మ అతని ఒళ్లోంచి కుదురు లాక్కుంది. "సరే అయితే ఇను" అని మొదలుపెట్టింది. ముడులు గుచ్చుకుంటున్నాయి, ఒకవైపు లావు, ఒకవైపు సన్నం, తట్ట పక్కకి ఒరిగిపోతోంది, పైగా ఇంత బిగించి అల్లడానికి ఇది చేపలు పట్టేదా, నెత్తిన పెట్టేదా. ఊపిరి తీసుకోకుండా చెప్పింది. లక్ష్ముడు తల ఊపుతూ విన్నాడు. లోపల గౌరి నవ్వు ఆపుకోలేకపోయింది.

"నువ్వూ రాయే" అన్నాడు లక్ష్ముడు. "నువ్వూ ఈ దొంగల్లో ఉన్నావు కదా."

పాతది విప్పుదామని చూశారు. ఒక్క పోగూ ఊడలేదు. ముడులు కత్తెరతో కత్తిరించి పారెయ్యాల్సి వచ్చింది. అప్పుడు గౌరి తను అల్లుతున్న తోరణం ముక్క అతని చేతికిచ్చి, దారం కొస అందించింది.

"లాగు మావా."

లాగాడు. సర్రున వరసంతా ఊడిపోయింది. లక్ష్ముడు భయపడి చెయ్యి తీసేశాడు.

"ఇదేటి, ఇలగ ఊడిపోతాది? ఇలాటిది సముద్రంలో ఏస్తే ఏటి మిగుల్తాది?"

"సముద్రంలో ఎవులేస్తారు మావా? అత్త నెత్తి మీద కదా ఎట్టీది. ముడి ఉండదు కాబట్టే మెత్తగుంటాది. తప్పు పడితే లాగీసి మల్లీ అల్లుకోవచ్చు."

ఆ మాట లక్ష్ముడికి నచ్చింది గానీ, చేతికి నచ్చడానికి చాలా రోజులు పట్టింది. కండె పక్కన పెట్టించాడు. దారం ఉండను స్టీలు చెంబులో వేశారు, ఇంక అది దొర్లి ఎక్కడికీ పోదు. అయినా వేలు ముడి కోసం దానంతటదే తిరిగేది. తిరిగినప్పుడల్లా ఆ వరస లాగేసేవాడు. సాయంత్రానికి పొద్దుటికంటే తక్కువ అల్లిక మిగిలిన రోజులున్నాయి. వరస చివర ఉచ్చు వదిలేసి ఒకపక్క సన్నమైపోయేది. అందుకని ప్రతి వరస చివరా బొటనవేలి గోరుతో తడిమి, వెనక వరసతో సరిచూసుకోవడం నేర్చుకున్నాడు. ఎర్రన్న వచ్చి "ఏటి బావా, అల్లినదే అల్లతన్నావు, విప్పినదే విప్పతన్నావు" అంటే, "నీ వల కూడా తే, అదీ విప్పి మల్లీ అల్లుతాను. ఈసారి తప్పు సెప్పి తీసుకెల్లు" అన్నాడు. ఎర్రన్న ఎప్పటిలాగే చేపలు పెట్టి వెళ్లిపోయాడు. మూడోనాడు చిరిగిన వల తెచ్చి గుమ్మంలో పడేశాడు. చిరుగుల అంచులకి జత జతకీ వేరే వేరే గుడ్డపీలికలు కట్టి తెచ్చాడు. ఏది దేనికి కలపాలో చేతికి తెలిసేలాగ.

రెండో కుదురు అయ్యాక లక్ష్ముడు దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. తట్ట పక్కన పెట్టి ఊరుకున్నాడు. పొద్దున్న కూర్మమ్మ ఆటో ఎక్కిపోయాక అక్కడ తడిమితే లేదు. ఆ రోజంతా ఎర్రన్న వలతో గడిపాడు.

కూర్మమ్మ వచ్చింది. తట్ట దించిన చప్పుడు, కాళ్లు కడుక్కున్న చప్పుడు. లక్ష్ముడు అడగలేదు. చెయ్యి చాపి తట్ట పక్కన వెతికాడు. కుదురు తగిలింది. తడిసి బరువుగా ఉంది. నాలుగైదు పొలుసులు అంటుకుని ఉన్నాయి. ముక్కు దాకా తీసుకురానక్కరలేకుండానే కవ్వళ్ల చేపల వాసన గుప్పుమంది.

"మెత్తగున్నాదిలే" అంది కూర్మమ్మ లోపల్నుంచి. "గానీ ఐసునీల్లన్నీ పీల్సీసుకుంటాది. పిండినట్టు సెవిలోకి కారతన్నాది. రోజంతా సెవి తుడుసుకోడమే నా పని."

"ఏ సెవి?"

"ఎడం సెవి."

లక్ష్ముడు కుదురు చుట్టూ వేలు తిప్పి, ఎడమవైపు కాస్త పల్లంగా ఉన్న చోట ఆపాడు. అక్కడ రెండు వరసలు ఎక్కువ వెయ్యాలి.

"గౌరీ, ఆ నైలాన్ వలదారం ఉండ ఉండాలి, పెరట్లో ఎతుకు. కింద ఒక పొర దాంతో అల్లితే నీల్లు దిగవు."

"ముడేస్తావేటి మావా?"

"ఎయ్యను. నీ సెంబు ఇలాగ తే."

కూర్మమ్మ వచ్చి ఆముదం సీసా అతని పక్కన పెట్టి, ముందు కూర్చుంది. "అది తరవాత. ముందు ఇది రాయి."

పుండు ఆరుతోందో లేదో వేలితో చూసుకుని, రాయడం మొదలుపెట్టాడు.