అమ్మ లేవనన్న సాయంత్రం

పెళ్లయిన రెండో ఏడు మా పుట్టింటివాళ్లందర్నీ విశాఖపట్నం ఎగ్జిబిషనుకి తీసుకెళ్తానన్నారు మా ఆయన. అరవైలు అయిపోవస్తున్న రోజులవి. మేం విజయనగరంలో అద్దెకుండేవాళ్లం. ఆయన హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. మావాళ్లది బొబ్బిలి అవతల పల్లె, వ్యవసాయం. కోతలూ నూర్పులూ అయిపోయి కాస్త ఊపిరి పీల్చుకునే వేళ. సముద్రం ఒడ్డున పెద్ద ఎగ్జిబిషను పెట్టారనీ, అందులో జెయింటువీలు ఉందనీ, దాని పైకెళ్తే ఓడలు కనిపిస్తాయనీ మా ఊరిదాకా పాకింది. అమ్మ ఎప్పుడూ ఏదీ కావాలని అడిగిన మనిషి కాదు. ఆ మాటు నేను వెళ్లినప్పుడు మాత్రం బియ్యం చెరుగుతూ, "ఓడంటే ఎలగుంటాదే అమ్మీ?" అంది. ఇంటికొచ్చి ఆ మాట ఆయనకి చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఆయన సంగతి కొంచెం చెప్పాలి. పెన్సిలు ముల్లులా చెక్కితే తప్ప గీత గీసేవారు కాదు. తాడు మీద నేను ఆరేసిన చీర ఒక పక్కకి జారి ఉంటే, స్కూలుకి వెళ్తూ వెళ్తూ ఆగి, అంచులు సరిచేసి మరీ వెళ్లేవారు. కోపిష్టి కాదు. ఒక్కనాడూ నా మీద అరవలేదు. ఏదైనా అనుకున్నట్టు జరగకపోతే ఆయన మొహం పాలిపోయేది. కణతలు నొక్కుకుంటూ కూర్చుండిపోయేవారు. అరిచినా బాగుండేదేమో. ఆ మొహం చూడలేక అన్నీ ఆయన చెప్పినట్టే చేసేదాన్ని.

అంతకుముందు ఆదివారం ఆయన ఒక్కరూ వెళ్లి ఎగ్జిబిషను చూసొచ్చారు. వచ్చి, డ్రాయింగు షీటు మీద ఆ మైదానమంతా పటం గీశారు. గేటు దగ్గర్నుంచి ఏ దుకాణం ఎక్కడ, ఏ ఆట ఎక్కడ, ఎక్కడ నీడ ఉంటుంది, ఎక్కడ కూర్చుని అన్నం తినాలి, అన్నిటికీ రంగులు వేశారు. వేలు పెట్టి చూపిస్తూ నాకు చెప్పారు.

"పెద్దవి ముందే చూసేస్తే తర్వాతవి చప్పగా ఉంటాయి. చిన్నవాటితో మొదలుపెట్టాలి. జెయింటువీలు పొద్దు వాలాక. అప్పుడే ఓడల మీద దీపాలు వెలుగుతాయి. మీ అమ్మగారు ఓడ చూడటమంటూ చూస్తే అలా చూడాలి. వాళ్లు మళ్లీ మళ్లీ రాగలరా? ఒక్కటి కూడా తప్పిపోకూడదు."

మా అమ్మ కోసం ఒక మనిషి ఇంత ఆలోచించడం నేనెప్పుడూ చూడలేదు. ఆ క్షణాన ఆయన్ని చూసి గర్వపడ్డాను. ఆ గర్వం మావాళ్లు దిగిన సాయంత్రందాకానే ఉంది.

అమ్మా నాన్నా, అన్నయ్యా వదినా, వాళ్ల ఆడపిల్లలిద్దరూ బొబ్బిలి బండిలో దిగారు. కాళ్లు కడుక్కుని కాఫీలు తాగారో లేదో, ఆయన అందర్నీ పెరట్లోకి పిలిచి ఇద్దరిద్దర్ని వరసలో నిలబెట్టారు. జనంలో ఎవరూ తప్పిపోకుండా ఎలా నడవాలో నేర్పాలట. ముందు ఆయన, వెనకాల మావాళ్లు, బావి చుట్టూ తిరిగారు. పక్కింటివాళ్లు గోడ మీంచి చూసి నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఊళ్లో నలుగురూ తగువు తీర్చమని వచ్చే మనిషి మా నాన్న. పై పంచె భుజాన వేసుకుని, బడిపిల్లాడిలా బావి చుట్టూ తిరుగుతున్నాడు.

"ఏటి బావా ఇది, పోలీసు పెరేడా?" అన్నాడు అన్నయ్య.

"ఏటి కాదు, ఏమిటి" అన్నారు ఆయన. పిల్లలకి చెప్పినట్టు, చాలా నెమ్మదిగానే.

అన్నయ్య మొహం ఎర్రబడింది. నాన్న నా వైపు చూశాడు. నేను గబగబా గిన్నెలు తోమడానికి కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే విశాఖ వెళ్లే వాల్తేరు బండెక్కాం. ఆయన ఏ చిన్న పనీ మర్చిపోలేదు. పులిహోర పొట్లాలు, పిల్లలకి టోపీలు, అమ్మ మోకాళ్లకి రాసే నూనె, అన్నీ ఆయనే సర్దారు. ఎండదెబ్బ తగులుతుందేమోనని పెద్ద మరచెంబుతో నీళ్లు పట్టుకుని, తాగనివాళ్ల దగ్గర కూర్చుని మరీ తాగించారు. "అత్తయ్యగారూ, ఇంకో గ్లాసు" అంటే అమ్మ కాదనలేదు. అల్లుడు చేత్తో ఇచ్చినవి.

ఎగ్జిబిషను గేటు దాటగానే అమ్మ నా చెవిలో అడిగింది. "అమ్మీ, ఇక్కడ పక్కకెల్లడానికి ఎక్కడే?"

చుట్టూ చూశాను. దుకాణాలు, డేరాలు, జనం. ఆయన చేతిలో పటం ఉంది. అందులో అలాంటి చోటు ఏదీ లేదని నాకు తెలుసు, ఆ పటం నేను అప్పటికి ఎన్నిసార్లు చూశానో. ఆయన్ని అడగాలి. మగవాళ్లతో అలాంటి మాట చెప్పుకునే రోజులు కావవి, మొగుడితోనైనా సరే. పైగా, ఇప్పుడు వరస ఆపి వెతుక్కోవాలంటే ఆయన మొహం ఎలా అయిపోతుందో తెలుసు.

"కాసేపు ఓర్సుకోమ్మా, ఈ బొమ్మలాట అవగానే ఎల్దాం" అన్నాను.

బొమ్మలాట అయింది. తర్వాత అద్దాల గది. ఒక అద్దంలో తను గుమ్మడికాయలా కనిపిస్తే అమ్మ పకపకా నవ్వి, మళ్లీ పొట్ట పట్టుకుని ఆగిపోయింది. ఆయన అప్పటికే "పదండి, పదండి" అంటున్నారు. వ్యవసాయం వాళ్ల దుకాణంలో నాన్న నీళ్ల మోటారు చూస్తూ నిలబడిపోయాడు. అది ఎంత లోతు నుంచి తోడుతుందని అడుగుతుండగానే ఆయన వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశారు. మోటారుకి తక్కువ సేపే కేటాయించారు మరి. పిల్లలు పీచుమిఠాయి అడిగితే, "అన్నాలయ్యాక" అన్నారు. అన్నాలయ్యేసరికి ఆ బండి వెళ్లిపోయింది. చిన్నది ఏడుపు లంకించుకుంది. అన్నయ్య మాట్లాడటం మానేశాడు. ఆయనకి ఇవేవీ తెలియలేదు. చెమటలు కక్కుతూ, మొహం వెలిగిపోతూ, మా అందరికీ స్వర్గం చూపిస్తున్నట్టు ముందు నడుస్తున్నారు. వెనక నడుస్తూ నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆ చెమట పట్టిన వీపు నా మొగుడిది. ఆ తడబడే నడకలు నా పుట్టింటివి.

అమ్మ ఇంకో రెండు మాట్లు అడిగింది. రెండు మాట్లూ తర్వాత అన్నాను. ఆమెకి మాత్రం ఇంకెవర్ని అడగాలో ఏం తెలుసు.

పొద్దు వాలేసరికి, ఆయన అనుకున్నట్టే, జెయింటువీలు దగ్గరున్నాం. "ఇంక నా వల్ల కాదే" అంది అమ్మ. ఆ గొంతు నాకిప్పటికీ వినిపిస్తుంది.

"ఇదొక్కటే అమ్మా. ఓడలు కనిపిస్తాయి" అన్నాను.

ఎక్కింది. నేనూ అమ్మా ఒక పెట్టెలో కూర్చున్నాం. చక్రం లేచింది. కింద దుకాణాలు చిన్నవైపోయాయి, సముద్రం పరుచుకుంది. "అమ్మా, అదిగో!" అని భుజం తట్టాను. కళ్లు గట్టిగా మూసుకుని, ఇనప కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, పళ్లు బిగబట్టి కూర్చుంది. పైకెళ్లిన పెట్టె ఒక్కసారి కిందికి జారింది. నా చీర అంచుకి వెచ్చగా తడి తగిలింది.

చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

దిగాక పది అడుగులు వేసి ఇసకలో కూలబడింది అమ్మ. మాకు వీపు పెట్టి, కోక కాళ్ల కిందికి కుక్కుకుని.

"లేవండి అత్తయ్యగారూ! బావిలో మోటారుసైకిలు తిప్పే ఆట ఒక్కటే మిగిలింది. ఆలస్యమైతే ముందు నిలబడటానికి చోటుండదు" అన్నారు ఆయన.

"నాను లెగను బాబూ. మీరెల్లండి."

కళ్లు తిరిగాయనుకున్నారు ఆయన. మరచెంబు తీసి నీళ్లిచ్చారు. అమ్మ తల అడ్డంగా ఊపింది. జనం ఆగి చూస్తున్నారు. ఎవరో "ముసలమ్మకి గాలి సోకినట్టుంది" అన్నారు. ఆయన అన్నయ్యని పిలిచి, చెరో రెక్కా పట్టుకుని లేపుదామని వంగారు.

"ముట్టుకోకండి!"

అమ్మ అలా అరవడం మేమెవరం ఎరగం. అన్నయ్య వెనక్కి తూలాడు.

ఆ సమయంలో నేను ఎక్కడున్నానంటే, దూరంగా, చిన్నదాని జడకి రిబ్బను కడుతున్నాను. ఊడిపోని రిబ్బనుని విప్పి మళ్లీ కడుతున్నాను. అందరికీ తెలియనిది నాకు ఒక్కదానికే తెలుసు. అయినా ఆ జనం ముందు ఆమె పక్కన వెళ్లి నిలబడటానికి నాకు కాళ్లు రాలేదు.

వదిన వెళ్లింది. అమ్మ మొహం చూసింది, ఇసక చూసింది, అంతే. పక్కనే చతికిలబడి, తన కొంగు అమ్మ చుట్టూ కప్పి, "ఏటి సూస్తన్నారు? ఆడమనిసిని సూళ్లేదా ఎప్పుడూ? ఎల్లండి!" అని జనాన్ని అదిలించింది. అప్పుడు మా ఆయన వైపు తిరిగింది.

"అన్నియ్యా, పటంలో అన్నీ గీసినారు. ఆడోల్లు పక్కకెల్లే సోటేదీ? పొద్దున్నుంచీ కూకోబెట్టి నీల్లు తాగించినారు గదా."

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మొహంలో నెత్తురు చుక్క లేదు. కణతలు నొక్కుకుంటారనుకున్నాను. గిరుక్కున తిరిగి జనంలోకి వెళ్లిపోయారు.

"ఎలిపోనాడు సూడు, మారాజు" అన్నాడు అన్నయ్య. నేను కూడా అలాగే అనుకున్నాను, వదిలేసి పోయారనే. అప్పుడు వెళ్లి అమ్మకి అటుపక్క కూర్చున్నాను. అమ్మ నా వైపు తిరగలేదు.

కాసేపటికి ఆయన వచ్చారు. వెనకాల ఒకావిడ, చేపలమ్ముకునే మనిషి, చేతిలో మడత పెట్టిన పాత చీర. మైదానం వెనకే వాళ్ల ఇళ్లు. ఎవర్నీ దారైనా అడగడం ఇష్టపడని మనిషి, ముందే అన్నీ తెలుసుకుని బయల్దేరే మనిషి, ఎన్ని గుమ్మాల ముందు నిలబడ్డారో నాకు తెలీదు. ఆవిడే తర్వాత చెప్పింది. "మీ బాబు నా గుమ్మం కాడ సెప్పులు సూసుకుంటా నిలబడిపోనాడమ్మా. ఒకరికి ఒంట్లో బాగోలేదంటాడు, ఇంకేటీ సెప్పడు. ఆడమనిసేనా అని నానే అడిగేను. అడిగితే కళ్లంట నీళ్లు."

వదినా ఆవిడా అమ్మని చీర చాటున వాళ్లింటికి నడిపించారు. తాటాకు దడి వెనక అమ్మ స్నానం చేసింది. ఆవిడ మా అందరికీ టీ కాచి ఇచ్చింది. ఆయన దడి బయట, రోడ్డు పక్కనే, అటు తిరిగి నిలబడ్డారు. టీ పట్టుకెళ్తే తీసుకోలేదు. ఎక్కాల్సిన బండి తప్పిపోయింది. దాని తర్వాత దానికి వచ్చాం. దారంతా ఆయన రైలుపెట్టె తలుపు దగ్గర నేల మీద కూర్చున్నారు. జేబులోంచి పటం కొస కనిపిస్తోంది.

మర్నాడు వెళ్లేముందు అమ్మ ఆయనతో, "బాగా సూపించినారు బాబూ" అంది. ఆయన లోపలికి వెళ్లిపోయారు. అమ్మ తిట్టి ఉన్నా ఆయనకి అంత బాధ ఉండేది కాదేమో.

తర్వాత ఆయన మారారని చెప్పను. తాడు మీద చీరలు ఎప్పటిలాగే సరిచేసేవారు. కానీ మేం ఎక్కడికి వెళ్లినా, పెళ్లికైనా, తీర్థానికైనా, దిగగానే కాసేపు కనిపించకుండా పోయేవారు. వచ్చి, నా మొహం చూడకుండా, "అటువైపు ఉంది" అని చెప్పి, వెంటనే ఏదో పని కల్పించుకునేవారు.

అమ్మ మాత్రం మా ఇంటికి రావడం మానేసింది. పిలిస్తే పొలం పనులనేది, మోకాళ్లనేది. అల్లుడి మీద కోపమనుకున్నాను. కొన్ని నెలల తర్వాత, కడుపుతో ఉండి పుట్టింటికి వెళ్లినప్పుడు, వదినతో అదే అన్నాను.

వదిన పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "అన్నియ్య మీద కోపం ఏటీ లేదు. పాపం, మంచోడే అంటాది. నీ మొకం సూడ్డానికే సిగ్గట. నన్ను సూసి నా కూతురు సిగ్గుపడిపోనాది, దూరంగా ఎలిపోయి నిలబడిపోనాది అని ఒక మాటు నాతో అన్నాది. మళ్లీ అన్లేదు."

అమ్మ పెరట్లో పిడకలు తిరగేస్తోంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. నేనూ రెండు పిడకలు తిరగేశాను. "బరువు మనిసివి, వంగకు" అంది. అంతే మాట్లాడుకున్నాం.

నెలలు నిండి నొప్పులొచ్చిన రోజు, పుట్టింటి నడిమింట్లో చాప మీద పడుకుని ఉన్నాను. నొప్పి తారస్థాయికి వచ్చినప్పుడు నా ఒళ్లు నా మాట వినడం మానేసింది. కింద చాపంతా తడిసి పాడైపోయింది. కాళ్ల దగ్గర అమ్మ ఉంది. "అమ్మా, నువ్వు బయటికెల్లు, మంత్రసానమ్మని సూడమను" అని ఏడ్చాను.

అమ్మ వెళ్లలేదు. గుడ్డ తడిపి తుడిచింది. నీళ్లు మార్చి మళ్లీ తుడిచింది. పని అయ్యాక నా తల దగ్గరికి వచ్చి కూర్చుంది. నేను కళ్లు మూసుకున్నాను. ఎక్కడ ఆమె కళ్లలోకి చూడాల్సి వస్తుందోనని. మళ్లీ నొప్పి వచ్చినప్పుడు ఆమె చెయ్యి నా చేతికి తగిలింది. పట్టుకున్నాను.