తోలు ఆరేదాకా

మా మామయ్య పోయాడన్న సంగతి ఫారం ముదీర్, అంటే మేనేజరు, ఫోన్ చేసి చెప్పాడు. మధ్యాహ్నం ఆస్పత్రి డ్యూటీలో ఉన్నాను. "తుమారా మామా ఖలాస్" అన్నాడు. షెడ్డులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట, గుండె ఆగిందట. ఎప్పుడని నేను అడిగేలోపే రెండో మాట అందుకున్నాడు. "బకెట్ మే ఏక్ చమ్డా హై. లే జావ్, నహీ తో ఫేంక్ దూంగా. బద్బూ ఆ రహా హై." బకెట్లో తోలు కంపు కొడుతోందట, తీసుకెళ్ళకపోతే పారేస్తాడట. అన్నేళ్ళు వాళ్ళ జింకల్ని కన్నబిడ్డల్లా సాకిన మనిషికి దక్కిన నివాళి అది.

మామయ్య అంటే మా అమ్మకి సొంత తమ్ముడు. మేముండే ఈ ఎడారి దేశంలో, బనియాస్ ఊరు దాటాక ఒక అరబ్బు పెద్దమనిషి తోటలో షోకుగా పెంచుకునే చుక్కల జింకలకి కాపలా. ముసలిదై ఒకటి చచ్చిపోతే, పూడ్చేముందు యజమానిని అడిగి తోలు తీసుకునేవాడు. ఏ మందూ వాడేవాడు కాదు. ఆ జింక మెదడే మందు.

కరోనా వార్డులో శానిటైజర్ రుద్దీ రుద్దీ నా చేతులు పగిలి నెత్తురు కారే రోజుల్లో, "ఇందులో పెట్టమ్మాయ్" అని మెదడు పిసికిన గోరువెచ్చటి జావ నా ముందు పెట్టాడు. ఛీ అన్నాను. తర్వాత పెట్టాను. సాయంత్రానికి చేతుల మంట తగ్గింది. ఆ పని నేర్పమని అప్పుడే వెంటపడ్డాను.

తోలు నానేసి, దుంగ మీద పరిచి, మొండి కత్తితో వెంట్రుకలూ పైపొరా గీకెయ్యాలి. మెదడు జావ పట్టించాలి, పిండాలి, మళ్ళీ పట్టించాలి. అసలు చాకిరీ ఆ తర్వాత. తోలు ఆరుతున్నంతసేపూ ఇద్దరు చెరో అంచూ పట్టుకుని లాగుతూనే ఉండాలి. ఆపితే చెక్కలా బిగుసుకుపోతుంది. ఆఖర్న పొగ పెడితే ఇక తడిసినా మెత్తదనం పోదు. నేను చేతులు దులుపుకుంటే కసిరేవాడు. "నువ్వు అలిసిపోయావని తోలుకి తెలవదు అమ్మాయ్. యల్లా, లాగు."

మా తాతల వృత్తి అదే. తోళ్ళు నానేసే తొట్టిని లంద అంటారు. ఊళ్ళో మా పేటకి ఆ వాసనే గుర్తు, ఆ మాటే తిట్టు. అమ్మ పంతులమ్మ అయింది, నన్ను నర్సుని చేసింది, ఇప్పుడు నా కూతుర్ని చూసుకుంటూ నాతోనే ఉంటోంది. సెలవు రోజున మామయ్య మా ఫ్లాటుకి వచ్చేముందు నిమ్మకాయతో మోచేతులదాకా తోముకుని, కింద నా కారులో చొక్కా మార్చుకుని పైకొచ్చేవాడు. అయినా అమ్మ బాల్కనీ తలుపు తెరిచి, దాని పక్కనే కుర్చీ వేసేది. "సముద్రం దాటొచ్చి కూడా ఆ కంపేనేంట్రా?" అనేది. "ఇదిగో, కడుక్కున్నా కదక్కా" అని చేతులు చూపించేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఆయన మాత్రం అన్నం వడ్డించమని కంచం జరుపుకునేవాడు.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. ఇంటర్నేషనల్ సిటీలో ఉండే మన తెలుగు సంఘం పెద్దాయన, జపానికి కూర్చోడానికి జింక తోలు కావాలన్నారు. వెంట్రుకలు ఊడకుండా, చుక్కలు చెదరకుండా చేసి, మామయ్య స్వయంగా పట్టుకెళ్ళాడు. కారు నడిపింది నేను. పెద్దాయన తోలుని గడప దగ్గరే పెట్టించి, పసుపు నీళ్ళు చల్లి లోపలికి తీసుకెళ్ళారు. నేనెవరో తెలియదు కాబట్టి నాకు స్టీలు గ్లాసులో మంచినీళ్ళు వచ్చాయి. మామయ్యకి గుమ్మం బయటే కాగితం కప్పులో వచ్చాయి. "ఆయన మా అమ్మ తమ్ముడండీ" అన్నాను. పెద్దాయన నా చేతిలో గ్లాసు వంక ఒక్కసారి చూశారు, అంతే.

తిరిగొచ్చేటప్పుడు నేను తిడుతుంటే మామయ్య నవ్వాడు. "కప్పు నయం కాదేంటమ్మాయ్, మనూళ్ళో అయితే దోసిట్లో పోసేవోళ్ళు." నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రావట్లేదు.

మొన్న సంతాప సభలో ఆ పెద్దాయనే అధ్యక్షులు. "హస్తకళా తపస్వి, మా ఇంట్లో మనిషి" అన్నారు. సంఘం సంచికకి రెండు మంచి మాటలు రాసిమ్మని నన్నే అడిగారు. రాశాను. ఈ కాగితం ముందు ఆయన చేతికే వెళ్తుంది, చదువుకోనివ్వండి.

మిగతాది మీకోసం. మామయ్య పోయినరోజు బకెట్ తెచ్చి బాల్కనీలో పెట్టాను. అప్పటికే మెదడు పట్టించి ఉంది. నా సెలవు రోజున ఇద్దరం లాగాల్సిన తోలు అది. మర్నాడు బాడీని ఊరికి పంపే కాగితాలకోసం పొద్దుటినుంచీ తిరిగి ఇంటికొచ్చేసరికి, పైకి తేలిన అంచు గట్టిపడుతోంది. ఆయన చేతులు పెట్టిన చివరి తోలు చెక్కముక్క అయిపోతుందేమోనని ఏడుపొచ్చింది. ఒక కొస రెయిలింగ్‌కి కట్టి ఒక్కదాన్నే లాగడం మొదలుపెట్టాను.

అమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఈరోజు కూడా వాసనంటే ఊరుకోకూడదనుకున్నాను.

"ముడి విప్పు" అంది.

కొంగు దోపి, కింద కూర్చుని, ఒక అంచు పాదం కింద తొక్కిపెట్టి, అవతలి అంచు పిడికిట్లోకి తీసుకుంది. "పొట్ట దగ్గర కాదే, చిరిగిపోద్ది. మెడ దగ్గర మందం, ముందు అక్కడ లాగు. వాడూ చిన్నప్పుడు ఇట్టాగే చింపేవాడు."

"నీకెట్లా తెలుసమ్మా?"

"వాడికి నేర్పింది నేనే."

మామయ్య నాతో ఆ సంగతి ఒక్కసారి కూడా అనలేదు. కడుక్కున్నానని అమ్మకి ఆ చేతులు చాపి చూపించిన రోజుల్లో కూడా అనలేదు. ఆ మాటే అన్నాను.

"చెప్పొద్దని ఒట్టేయించుకున్నా" అంది అమ్మ.

పాప వచ్చి ఆకలేస్తోందంది. అమ్మ తల ఎత్తలేదు. పిడికిలి మార్చుకుని, మెడ దగ్గర ఇంకా తడిగా ఉన్న చోట లాగుతూనే ఉంది.