అమ్మ చెప్పుకోలేకపోయిన మాట

నా చిన్నప్పుడు మా అమ్మది ఒక చర్చి, మా అందరిదీ ఇంకో చర్చి. రెండింట్లోనూ కొలిచేది యేసునే. అయినా ఆ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో అమ్మ పోయిన రోజున గానీ నాకు తెలియలేదు.

మాది లింగాల ఘనపూర్ దగ్గర ఒక పల్లె. మా తాత, అంటే మా నాయినను కన్న తండ్రి, వాడలోని ప్రార్థన మందిరానికి పెద్ద. పాస్టరు ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. మిగతా ఆదివారాలు వాక్యం చదివేది, పాట ఎత్తుకునేది మా తాతే. అమ్మ పుట్టిల్లు మా ఊరికి ఉత్తరాన ఉంటుంది. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి నడిచి చేరవచ్చు. వాళ్లు కథోలికులు. మా దిక్కు ఆర్‌సీఎమ్మోళ్లు అంటారు. మాకు పాస్టరు, వాళ్లకు ఫాదర్. మేము బాప్తిస్మం అంటే వాళ్లు జ్ఞానస్నానం అంటారు. తప్పు చేస్తే వాళ్లు ఫాదర్ దగ్గర మోకరించి చెప్పుకుంటారు. దాన్ని పాపసంకీర్తనం అంటారు. ఆయన దేవుని పేరు మీద మన్నింపు చెప్పి పంపిస్తాడు. మా తాతకు ఇది గిట్టేది కాదు. పాపం ఒప్పుకోవాల్సింది నేరుగా దేవుడి ముందే గానీ మనిషి ముందు కాదని ఆయన నమ్మకం.

అమ్మ బతికున్నప్పుడు ఇదంతా నవ్వుకునే సంగతే. అమ్మమ్మ మా ఇంటికి వచ్చిందంటే చాలు, తాత ఆమెను మాటలతో గిచ్చేవాడు.

"ఏం చెల్లె, పాత పాపాలు ఫాదర్ కాడ దించి వచ్చినవా? ఇగ కొత్తయి షురువు జేస్తవా?"

అమ్మమ్మ ఊరుకునే మనిషి కాదు. "మేమన్న మురికైనప్పుడల్ల కడుక్కుంటమన్నా. మీరేమో ఒక్కసారి చెరువుల మునిగి, బతుకంతకు సరిపాయె అంటిరి. మునిగినంక జేసినయన్ని ఏడ దాస్తున్నరో!"

అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వేది. ఇద్దరిలో ఎవరి పక్షమూ వహించేది కాదు. ఆమె పెళ్లి మా మందిరంలో జరిగింది. ఆ తర్వాత ఆమె తన చర్చికి పోలేదు. పోతానని అడిగితే వద్దనేవాళ్లో కాదో నాకు తెలియదు. ఆమె ఎన్నడూ అడగలేదు.

ఒక వానకాలం అమ్మకు జ్వరం పట్టుకుంది. కడుపునొప్పి కూడా తోడైంది. దవాఖానకు తీసుకుపోయారు, కొన్నాళ్లు ఉంచుకుని ఇంటికి పంపేశారు. ఎందుకు పంపేశారో నాకు ఎవరూ చెప్పలేదు గానీ, వచ్చినవాళ్లంతా నా తల నిమరడం చూసి అర్థం చేసుకున్నాను.

ఆ సాయంత్రం నేను మంచం కాళ్ల దగ్గరే కూర్చున్నాను. అమ్మ తాతను పిలిచింది.

"మామా, ఫాదర్‌ను పిలిపియ్యి. ఒక్క మాట చెప్పుకోవాలె."

పక్కింటి అన్న సైకిలు తీసి వాకిట్లో నిలబడ్డాడు. ఫాదర్ ఉండేది జనగామ దిక్కున. సైకిలు మీద పోతే నడిరాత్రి లోపల పిలుచుకు రావచ్చు. తాత ఆ అన్నకు చేయి అడ్డం పెట్టాడు. కోపంగా కాదు. చాలా నెమ్మదిగా అమ్మ పక్కన కూర్చుని, "దేవునికి చెప్పు బిడ్డా, గాయన ఇంటడు. నడిమిట్ల మనిషెందుకు?" అన్నాడు.

అమ్మ మళ్లీ అడిగింది. తాత మళ్లీ అదే చెప్పాడు. మా నాయిన తల వంచుకుని నేల గీకుతూ కూర్చున్నాడు. ఆయన తండ్రి మాట దాటే మనిషి కాడు. కాసేపటికి అమ్మ అడగడం మానేసి గోడ వైపు తిరిగింది. తాత వాక్యం చదవడం మొదలుపెట్టాడు. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. ఆమెను రక్షించాలనే చదివాడు. దాంట్లో అబద్ధం లేదు. తెల్లారేసరికి అమ్మ పోయింది. గోడ వైపు తిరిగిన మొహం మళ్లీ ఇటు తిరగలేదు.

అమ్మమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది. బిడ్డ మీద పడింది. తర్వాత లేచి మొదట అడిగింది ఒకటే: "ఫాదర్ వచ్చిండా?"

మా నాయిన, "పిలిచెటందుకు యాళ్ల చాలలేదత్తా" అన్నాడు. తాత అక్కడే ఉన్నాడు. కాదనలేదు. మట్టి చేసేటప్పుడు అమ్మమ్మ సమాధి మీద చల్లడానికి తెచ్చిన తీర్థం సీసా మూత కూడా తీయలేదు. ఆమె, తాత ఆ రోజు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

వెళ్లేముందు అమ్మమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. అమ్మ ఎక్కడికి పోయిందని అడిగాను. పాపం చెప్పుకోకుండా పోయింది కాబట్టి నేరుగా మోక్షానికి పోదని, ఉత్తరించు స్థలంలో ఆగుతుందని చెప్పింది. అక్కడ ఆత్మను కడుగుతారట. శుభ్రమైనాకే దేవుడి దగ్గరికి పంపిస్తారట. మనం ఇక్కడ జపం చేస్తే తొందరగా పంపిస్తారట. నేను పోయి తాతను అడిగాను. అసలు అలాంటి స్థలమే లేదన్నాడు. ఉన్నవి రెండే అన్నాడు. ఒకటి పరలోకం అన్నాడు, రెండోది ఏమిటో చెప్పలేదు.

నాకు ఏడెనిమిదేళ్లు. అమ్మమ్మ చెప్పిన మాటలో నాకు అర్థమైంది ఉత్తరం ఒక్కటే. ఉత్తరం అంటే దిక్కు. అమ్మమ్మ ఊరు ఉన్న దిక్కు. అంటే ఆ స్థలం కూడా అటే ఎక్కడో ఉంటుంది, కాకపోతే ఇంకాస్త దూరం. ముసలితనం దగ్గరపడ్డాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుని, ఆ మాటను కూడబలుక్కుని చదివిన రోజున, దానికి దిక్కుతో సంబంధం లేదని, పాపం తీర్చుకుని దాటే చోటని తెలిసింది. ఆ చిన్నతనంలో మాత్రం నాకు ఏ అనుమానమూ లేదు. తాత చెప్పిందాంట్లో నేను నడిచిపోగలిగిన చోటు లేదు. అమ్మమ్మ చెప్పిందాంట్లో ఉంది.

ఒక పొద్దున ఇంట్లో ఎవరూ చూడకుండా బట్టల సబ్బు ముక్క ఒకటి గుడ్డలో చుట్టుకుని బయల్దేరాను. పొద్దు కుడిచేతి పక్క ఉండేటట్టు చూసుకుంటూ జొన్నచేల గట్ల వెంట నడిచాను. ఊరు కనపడకుండా పోయాక భయమేసింది గానీ ఆగలేదు. వెనక నుంచి తాత కేక వినిపించింది. వయసు మళ్లిన మనిషి, గట్ల మీద జారుకుంటూ పరుగెత్తి వచ్చాడు.

"యాడికే పోతున్నవ్?"

"ఉత్తరం దిక్కుకు."

"గాడ ఏమున్నది?"

"అవ్వున్నది."

మేము అమ్మను అవ్వ అనే పిలిచేవాళ్లం. తాత నా చేతిలోని మూట విప్పి చూశాడు.

"సబ్బెందుకే పిచ్చిదానా?"

"గాడ అవ్వను కడుగుతున్నరట. నేను గూడ కడిగితె జల్ది అయితది గద."

తిడతాడనుకున్నాను. అలాంటి చోటు లేదని మళ్లీ చెబుతాడనుకున్నాను. ఆయన గట్టు మీద కూలబడ్డాడు. ఆయన్ను అలా చూసి నాకు ధైర్యం వచ్చిందో ఏమో, ఇంట్లో ఎవరూ అడగనిది అడిగేశాను. "ఫాదర్‌ను ఎందుకు పిలువనియ్యలే తాతా?" అన్నాను.

తాతకు ప్రతిదానికీ ఒక వాక్యం నోటి మీద ఉండేది. ఆ పూట మాత్రం సబ్బు ముక్కను మళ్లీ గుడ్డలో చుట్టి నా చేతికే ఇచ్చాడు. నన్ను భుజాన ఎక్కించుకున్నాడు. వెనక్కి తిప్పుతాడనుకుంటే ముందుకే నడిచాడు.

మేము పోయేసరికి అమ్మమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి చేట వదిలేసి లేచింది. తాత నన్ను దించాడు గానీ కూర్చోలేదు. తలకు చుట్టుకున్న రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"చెల్లె, యాళ్ల చాలలేదన్నది అబద్ధం. బిడ్డ ఫాదర్‌ను పిలువమని అడిగింది. రెండుమాట్ల అడిగింది. సైకిల్ గూడ తయారుండె. నేనే పోనియ్యలే. దేవునికే చెప్పు, నడిమిట్ల మనిషెందుకని చెప్పిన."

అమ్మమ్మ కేకలు పెడుతుందేమోనని నేను ఆమె కొంగు పట్టుకున్నాను. ఆమె గొంతు పెరగలేదు.

"మరి నా కాడికెందుకొచ్చినవ్ అన్నా? దేవునికే చెప్పుకోకపోయినవా? నడిమిట్ల నేనెందుకు?"

"చెప్పిన చెల్లె. దినాం చెప్తున్న. గాయన మన్నించిండనే నమ్ముత. గని నువ్వు మన్నించలే గద."

అమ్మమ్మ వంగి, వదిలేసిన చేటను తీసి గోడకు ఆనించింది.

"నా బిడ్డ ఏం చెప్పుకోవాలనుకున్నదో గది తెచ్చియ్యి నాకు. గప్పుడు మన్నిస్త."

ఆ మాట ఎవరికీ తెలియదు. ఇప్పటికీ తెలియదు. పెద్ద పాపమేదైనా ఉందో, ఎవరితోనో ఆడిన చిన్న అబద్ధమో, పెళ్లయ్యాక పుట్టింటి చర్చి వదిలేశానన్న బాధో. పసిదాన్ని వదిలి పోతున్నానన్న దిగులైనా కావచ్చు. అది చెప్పుకుంటే ఆమె ప్రాణం బతికేది కాదు. అయినా మొహం మా వైపు తిప్పుకుని పోయేదేమో.

అమ్మమ్మ మా ఇద్దరికీ అన్నం పెట్టింది. తాత కంచం ముందు కూర్చున్నాడు, నేను తిని లేచాక కూడా ముద్దలు కలుపుతూనే ఉన్నాడు. పొద్దుగూకాక ఆమె అమ్మ పేరు చెప్పి జపమాల మొదలుపెట్టింది. చచ్చినవాళ్ల కోసం చేసే ప్రార్థన తాత దృష్టిలో వట్టిది. ఆయన గొంతు కలపలేదు, మోకరించలేదు. అలాగని లేచి బయటకూ పోలేదు. అయ్యేదాకా గోడకు ఆనుకుని తల వంచుకుని కూర్చున్నాడు. మధ్యలో ఒకచోట అమ్మమ్మ ఏడుపుతో ఆగిపోయింది. తాత లేచి కడవలోంచి నీళ్లు ముంచి ఆమె పక్కన పెట్టి మళ్లీ పోయి కూర్చున్నాడు. ఆమె ఆ నీళ్లు తాగింది.

ఆ తర్వాత ఏటేటా, చచ్చినవాళ్లను తలచుకుని కథోలికులు చేసే సమాధుల పండుగకు తాత నన్ను తీసుకుని అమ్మమ్మ ఊరికి పోయేవాడు. మందిరంలో కొందరు చాటున నవ్వుకున్నారు, పెద్దాయన ఆర్‌సీఎంలో కలిసిపోతున్నాడని. ఆయన ఎందులోనూ కలవలేదు. చనిపోయేదాకా ఉత్తరించు స్థలం లేదనే చెప్పాడు. మధ్యలో మనిషి అక్కర్లేదని మాత్రం ఆ తర్వాత ఆయన నోట నేను వినలేదు. అమ్మమ్మ కూడా ఆయనకు అన్నం పెట్టింది, చలిలో వస్తే గొంగడి ఇచ్చింది, జబ్బు చేస్తే చూడటానికి వచ్చింది. మన్నించానన్న మాట మాత్రం అనలేదు. తాత పోయిన రోజున వస్తుందని, అంటుందని ఎదురుచూశాను. వచ్చింది. ఏడ్చింది. అనలేదు.

పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఇద్దరిలో ఎవరిది నిజమని. నాకు తెలియదని చెబుతాను. నేను ఇప్పటికీ ప్రార్థన మందిరానికే పోతాను. అమ్మ ఎక్కడుందో తాత తనకు తెలుసుననుకున్నాడు, అమ్మమ్మ తనకు తెలుసుననుకుంది. నాకు తెలిసింది ఆ గోడ, మా వైపున్న అమ్మ వీపు.

అమ్మ అడిగిన ఆ సాయంత్రం వల్ల నాకు ఒక అలవాటు మిగిలింది. మా వాడలో ఎవరు మంచాన పడి లేవరని తెలిసినా పోయి, దగ్గర కూర్చుని, ఎవరినన్న పిలవాల్నా అని అడుగుతాను. ఫాదర్ అంటే ఫాదర్, పాస్టరు అంటే పాస్టరు, గుళ్లో అయ్యగారంటే అయ్యగారు. ఇంట్లోవాళ్లు మొహం మాడ్చుకున్నా నేను లెక్కచేయను. నాకు నోటి దురుసు ఎక్కువని పేరుంది, ఉంటే ఉండనీ. ఈమధ్య ఒక ముసలామె తోడికోడలి పేరు చెప్పింది. భూమి తగాదాలో ఏళ్లుగా మాటల్లేవు ఇద్దరికీ. కొడుకులు వద్దని కస్సుమన్నారు. నా మనవడితో ఫోను చేయించాను. ఆమె నర్మెట్ట నుంచి ఆటోలో వచ్చింది, గడపలో అడుగు పెట్టలేక నిలబడిపోయింది. చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి మంచం పక్కన కూర్చోబెట్టాను. కొడుకులను బయటికి నడిపించి, తలుపు దగ్గరికి వేసి, ఎవరూ పోకుండా అడ్డంగా కూర్చున్నాను. లోపల ఏం చెప్పుకున్నారో నేను వినలేదు.