పెద్దంకె సీడీ తీసిచ్చిన సోంబారి అప్ప

నిన్న పొద్దున్న ఆఫీసుకి బయల్దేరుతుంటే అనంతగిరి నుంచి ఫోన్. "సోంబారి అప్ప పోయింది సార్" అన్నారు.

షూ లేసు సగం కట్టి అలాగే కూర్చుండిపోయాను. నమ్మబుద్ధి కాలేదు. ఇప్పటికీ కావడం లేదు.

సోంబారి ఆమె పేరు; అప్ప అంటే అక్కడ అక్క. మీలో చాలామందికి ఆమె తెలీదు. తెలియాలి. అందుకే ఈ పోస్ట్.

2008లో నేను అనంతగిరిలో ఒక చిన్న సంస్థలో కంప్యూటర్ మనిషిని. ఉన్నది ఒకే సిస్టమ్, అందులో లినక్స్. నెట్ లేదు. ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నా వైజాగ్ నుంచి సీడీలు మోసుకురావాల్సిందే.

అప్ప మా ఆఫీసు ఊడ్చేది, టీ పెట్టేది. కాఫీ పళ్ల సీజన్లో కాటా దగ్గర నిలబడేది. అక్షరాలు రావు. కాటా పుణ్యమా అని అంకెలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చు.

అడవిలో సాగు చేసుకుంటున్న భూములకి పట్టాలిస్తామన్న రోజులవి. అప్ప వాళ్ల ఊళ్లో ఎవరి నేల ఎంతో ఆ జాబితా అంతా నెల రోజులు కూర్చుని టైప్ చేశాను. మర్నాడు పొద్దున్నే గ్రామసభ. ఆ సాయంత్రం నాలుగు గంటల జీపులో జాబితా వెళ్లాలి. వెళ్లకపోతే ఆ ఊరి మాట మళ్లీ ఎప్పటికో. అప్ప కాఫీ మొక్కలున్న నేల కూడా అందులోనే ఉంది.

సరిగ్గా అప్పుడే ప్రింటర్ మొండికేసింది.

అప్‌డేట్ చేస్తే దారికొస్తుందని చేతికందిన సీడీ పెట్టాను. నెట్ లేదు కదా, సీడీలో ఏ వెర్షన్ ఉంటే అదే వేసుకోమని సిస్టమ్‌కి ముందే చెప్పి పెట్టిన మహా తెలివి కూడా నాదే.

స్క్రీన్ మీద పెద్ద లిస్టు వచ్చింది. ఒక్కో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ పక్కన ఇప్పుడున్న నంబరు, ఆ పక్కన వేయబోయే నంబరు.

టీ గ్లాసు పెడుతూ అప్ప ఆగింది. "బాబూ, ఇదేటి? ఇక్కడ రెండుంటే పక్కన ఒకటంటంది. అంకె తగ్గిపోతంది."

"అది కంప్యూటర్ భాష అప్పా, నీకు తెలీదులే" అన్నాను.

"భాసేదైనా అంకె అంకే గదా బాబూ. కాటా కాడ ఇలా తగ్గితే ఊరుకుంటామేటి?"

నవ్వి ఎంటర్ కొట్టాను.

అంతే. టైపింగ్ చేసే సాఫ్ట్‌వేర్ రెండో వెర్షన్ పోయి, పాత ఒకటో వెర్షన్ వచ్చి కూర్చుంది. అప్‌గ్రేడ్ అనుకున్నది కాస్తా డౌన్‌గ్రేడ్. కొత్తదాంట్లో టైప్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకుంటే ఒట్టు.

టైమ్ రెండున్నర. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"నే సెప్పాను గదా" అని ఆమె అనలేదు. నేనైతే నెల రోజులు అనేవాణ్ణి. లోపలికెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. నేను చిందరవందరగా పడేసే సీడీలన్నీ, వాటి మీద మార్కర్‌తో రాసిన నంబర్లు చూసి, చిన్న నుంచి పెద్దకి వరసగా అందులో పేర్చి ఉంచింది. ఎప్పుడు చేసిందో నాకు తెలీదు. అన్నిటికన్నా వెనకది తీసి నా చేతిలో పెట్టింది.

"పెద్దంకెది ఇదీ. ఇదెయ్యండి, బేగి."

నా తెలివైన సెట్టింగ్ తీసేసి ఆ సీడీ వేశాను. ఈసారి లిస్టు ఇద్దరం చూశాం, ఆమె ఒక్కో అంకె మీదా వేలు పెడుతూ. ఫైలు తెరుచుకుంది. ప్రింటర్ కూడా కదిలింది.

కాగితాలు వస్తుంటే "నా అంకెంత బాబూ?" అంది. వెతికి చూపించాను. "పదేడు" అని రెండుసార్లు చదువుకుంది. జీపు కనుమరుగయ్యేదాకా గుమ్మంలోనే నిలబడింది.

ఆ తర్వాత చాన్నాళ్లు అందరితోనూ "ఆ గుంటడికి పనొచ్చు గానీ తొందరెక్కువ" అని చెప్పి నవ్వేది. నిజమే.

పట్టా వచ్చింది. ఆలస్యంగానే, కానీ వచ్చింది.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో సర్వర్లు చూస్తాను. అప్‌డేట్ ముందు ప్రతి లైనూ వేలు పెట్టి చదువుతానని మా టీమ్ పిల్లలు ఏడిపిస్తారు. ఆ అలవాటు ఎవరిదో వాళ్లకి చెప్పలేదు. ఈ ఉద్యోగంలో నాకొచ్చిన మంచి పేరులో సగం ఆమె పెట్టిన భిక్షే.

నిన్న సాయంత్రం అప్పని ఆ కాఫీ మొక్కల పక్కనే మట్టి చేశారట. జాబితాలో పదిహేడో నంబరు నేలలో.

థాంక్స్ అప్పా. ఆ నేల నీది. ప్రశాంతంగా పడుకో.