అద్దం వేరు, జిరాక్స్ వేరు

పాత హార్డ్ డిస్కు లేచేటప్పుడు ఒక చప్పుడు చేస్తుంది. ముందు సన్నటి ఈల, తరువాత ఎవరో గొంతు సవరించుకున్నట్టు టకటకలు, ఆపైన చెవికి అలవాటైపోయే హోరు. పటాన్‌చెరులో మేము కిరాయికుండే ఇంట్లో, బీరువా పక్కన పెట్టిన నల్ల కంప్యూటర్ క్యాబినెట్‌లోంచి ఈ పొద్దున ఆ చప్పుడు వచ్చింది. కిటికీ తెరిచి ఉంది. గాలి కాజీపల్లి వైపు నుంచి మళ్ళినట్టుంది, మందుల ఫ్యాక్టరీల పుల్లటి వాసన కూడా లోపలికి వచ్చింది. ఆ చప్పుడూ ఆ వాసనా ఒకేసారి తగిలితే నాకు విఠల్ సార్ గుర్తొస్తారు. పోయిన మనిషి గుర్తొస్తే కళ్ళు చెమర్చాలంటారు. నాకు పళ్ళు బిగుసుకుంటాయి. అలాంటప్పుడు మా ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడరు, టీ గ్లాసు పక్కన పెట్టేసి వెళ్ళిపోతారు.

ఆయన కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీకి కంప్యూటర్ విభాగం మేనేజరు. విభాగమంటే పెద్దదేమీ కాదు, ఆయనా నేనూ. సంగారెడ్డిలో డిగ్రీ అయ్యాక నేను చేరిన మొదటి ఉద్యోగం అది. బాయిలర్‌కు ఆనుకుని ఉన్న గదిలో కూర్చునేవాళ్ళం, గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. సంగారెడ్డి బజారులో కందులూ శనగలూ కొని అమ్మే షావుకార్ల ఇంట్లో పుట్టి, దుకాణం తమ్ముడికి వదిలేసి కంప్యూటర్ల వైపు వచ్చిన మనిషి ఆయన. దుకాణం వదిలినా దుకాణం మాట ఆయన్ని వదల్లేదు. కోపమూ ఎక్కువే. వైరు వేలాడితే కోపం, పాస్‌వర్డ్ చీటీ మీద రాసి తెరకు అంటిస్తే కోపం, తెలియనిది తెలుసన్నట్టు తల ఊపితే అన్నిటికన్నా ఎక్కువ కోపం. నేను చేరిన కొత్తలోనే ఆ మూడోది నా నెత్తిన పడింది. రికార్డులన్నీ బ్యాకప్ అయ్యాయా అని అడిగితే అయ్యాయి సార్ అన్నాను, చదువుకున్నదాన్ని కదా.

“అయినయని చెప్పుడు కాదు బిడ్డా,” అన్నారు కళ్ళజోడు పైకి తోసుకుని. “మాల్ గోదాంల ఉన్నదని ఎవడన్న చెప్తడు. తీసి చూపియ్యి.”

తీయబోతే ఒక్క ఫైలు కూడా తెరుచుకోలేదు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని ఆ రోజంతా ఎత్తిపొడుస్తూనే ఉన్నారు. అప్పుడు ఏడుపొచ్చింది. ఇప్పుడు అదే మాట నేను ఎంతమందిని అన్నానో లెక్కలేదు. బ్యాకప్ అనే మాట పక్కన మా భాషలో నిలబడగలిగేది ఆ ‘తీసి చూపియ్యి’ ఒక్కటే.

ఫ్యాక్టరీ సర్వర్‌లో రెండు డిస్కులుండేవి. ఒకదాని మీద ఏది రాస్తే అదే క్షణంలో రెండోదాని మీదా పడుతుంది, దాన్నే మిర్రర్ అంటారు. ఒక డిస్కు చెడిపోతే ఇంకోటి నడిపిస్తుంది, అంతవరకు మంచిదే. సార్ బాధ వేరే. ఏ రోజు ఏ మందు ఏ సరుకుతో ఎలా తయారైందో చెప్పే బ్యాచ్ రికార్డులన్నీ ఆ సర్వర్‌లోనే ఉండేవి. వాటికి విడిగా ఒక కాపీ కావాలి, ఆ కాపీ లేచి నడుస్తుందో లేదో చూసుకోవడానికి ఇంకో చిన్న సర్వర్ కావాలి. ఈ మాట జనరల్ మేనేజర్‌కు ఆయన చెప్పని నెల లేదు. ఒకసారి నేనూ ఆ గదిలో ఉన్నాను. రెండు డిస్కులున్నాయి కదా, మళ్ళీ కాపీ దేనికయ్యా అన్నాడు జీఎం, కొత్త సోఫాలో వెనక్కి వాలి.

“అది అద్దం సార్,” అన్నారు విఠల్ సార్. “అద్దంల ఉన్నది మీరే. మీరు లేచి పోతే అద్దంల ఎవరుంటరు? నేనడిగేది జిరాక్స్.”

జీఎం పెద్దగా నవ్వాడు. బాగా చెప్పావయ్యా అన్నాడు. మంచి జోకు విన్నట్టు నవ్వి పంపించేయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. కాదని చెప్పినవాడితో పోట్లాడొచ్చు, నవ్వినవాడితో ఏం పోట్లాడతాం? బయటికొచ్చాక సార్ మెట్ల మీద ఆగి, మనమే పెట్టుకుందాం తీయ్ అన్నారు.

అలా పుట్టింది ఆయన ఇంటి సర్వర్, సంగారెడ్డిలో దుకాణం మీది గదిలో, గోనె సంచుల మధ్య. ఎవరో తీసేసిన ఆఫీసు కంప్యూటర్ ఒకటి తెచ్చి, దాని కడుపులో నాలుగైదు ఉత్తుత్తి కంప్యూటర్లు నడిపేవారు. వర్చువల్ మెషీన్లంటే అంతే, పెట్టె ఒకటే, లోపల కాపురాలు వేరు. ఆదివారం మధ్యాహ్నాలు నేను ఆటో ఎక్కి వెళ్ళేదాన్ని. ఆయన భార్య అనసూయమ్మ జొన్నరొట్టె, పుంటికూర పెట్టేది. తిన్న చెయ్యి కడుక్కున్నాక పాఠం. ఆ సర్వర్‌కు తక్కువలో డిస్కులు అమర్చడమే పాఠంలో సగం. నడిచే మెషీన్లు వేగంగా పనిచేసే చిన్న ఎస్‌ఎస్‌డీ మీద ఉండాలి, కాపీలు నెమ్మదిగా తిరిగే పెద్ద డిస్కుల మీద ఉండాలి అని చెప్పడానికి, గల్లాపెట్టె పక్కన ఉండాలె, గోదాం ఎనుక ఉండాలె, గోదాముకు పాలరాయి పరుస్తమా అనేవారు. పెద్ద డిస్కులు సీసీ కెమెరాలు బాగుచేసే ఒకాయన దగ్గర పాతవి కొనేవారు. కొనేముందు అక్కడే కూర్చుని ఒక్కొక్కదాన్నీ చివరిదాకా చదివించి, ఎక్కడైనా తడబడితే పక్కన పెట్టేసేవారు. ఒకే పెట్టెలోంచి వచ్చిన రెంటిని మాత్రం జతగా కొనేవారు కాదు, ఒక్కనాడు పుట్టినయి ఒక్కనాడే పోతయి అని. అనసూయమ్మ ఒకసారి ఆ గదిలో మిరపకాయలు ఎండబోసింది. ఆ ఆదివారం ముగ్గురం తుమ్ముతూనే ఉన్నాం, ఫ్యాను తుమ్మనందుకు ఆయన దానికి దండం పెట్టారు.

ఇక్కడే అసలు సంగతి ఉంది, దాచను. ఫ్యాక్టరీ రికార్డుల కాపీ ఒకటి ఆయన ప్రతి వారం ఇంటికి తీసుకెళ్ళేవారు. తాళం వేసి, ఆయన తప్ప ఎవరూ తెరవలేకుండా. అది తప్పని నేనంటే, తప్పే, మరి ఏడ పెట్టమంటవ్ అన్నారు. ఫ్యాక్టరీలో పెట్టడానికి జాగా ఇవ్వనివాళ్ళను అడగాల్సిన ప్రశ్న అది.

తనిఖీ వాళ్ళు వస్తున్నారనగా సర్వర్ నిండిపోయింది, కొత్త ఫైలు సేవ్ కావడం మానేసింది. ఆ రోజు సార్ సెలవులో ఉన్నారు, మొక్కు తీర్చుకోవడానికి ఇంటిల్లిపాదీ ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవాని గుడికి వెళ్ళారు. జీఎం స్వయంగా మా గదికి వచ్చి సార్ కుర్చీలో కూర్చున్నాడు. ‘ఓల్డ్’ అని పేరున్న ఫోల్డర్ కనిపించింది. పాతవే కదా, తీసేద్దాం అన్నాడు. అవి పాత బ్యాచ్ రికార్డులు, ముట్టుకోవద్దు సార్ అన్నాను. రెండో డిస్కులో ఉంటాయిలేమ్మా అన్నాడు. ఆయన చెయ్యి ఆగలేదు. జాగా కావాలి కనుక చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. తరువాత, ఏదీ, ఆ రెండో డిస్కు తెరువు అన్నాడు. ఏముంటుంది అందులో? కుర్చీలోంచి మనిషి లేచిపోయాక అద్దంలో ఉండే కుర్చీ ఉంది. అప్పుడు ఆ ముఖంలో మొదటిసారి నవ్వు లేదు.

నేను ఫోన్ చేశాను. సార్ నుదుట బొట్టుతోనే, గుడి నుంచి సంగారెడ్డికి, అక్కడి నుంచి ఫ్యాక్టరీకి స్కూటర్ మీద వచ్చారు. తువ్వాలలో చుట్టిన డిస్కు డిక్కీలోంచి తీశారు. తిట్టలేదు, ఎవరు చేశారని కూడా అడగలేదు. కాపీ ఎక్కించి, ఒక్కో ఫోల్డర్ తెరిచి, తీసి చూపిస్తూ పోయారు. సాయంత్రం షిఫ్టు మారే వేళకు రికార్డులన్నీ తిరిగొచ్చాయి. జీఎం ఆయన భుజం మీద చెయ్యి వేసి, నువ్వు దేవుడివయ్యా అన్నాడు. తనిఖీ సాఫీగా అయిపోయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఆ తరువాతి వారమే మమ్మల్నిద్దర్నీ మీటింగ్ గదికి పిలిచారు. కంపెనీ రికార్డులు ఎవరి అనుమతితో ఉద్యోగి ఇంటికి వెళ్ళాయని హెడ్డాఫీసు అడుగుతోందట. అది దొంగతనం కిందికి వస్తుందట. ఫోల్డర్ ఎవరు తీసేశారన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాలేదు.

నేను తెచ్చాను ఆ మాట. వినపడనట్టు నీళ్ళ సీసా మూత తిప్పుకుంటూ కూర్చున్నాడు జీఎం. నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడ్డాను.

“అది దొంగసొత్తయితే దాన్ని మీరెట్ల వాడుకుంటున్నరు సార్? ఇప్పుడు సర్వర్ల నడుస్తున్నది ఆ సొత్తే. తీసెయ్యమంటే ఈ నిమిషమే తీసేస్త.”

నిజంగానే తీసేసేదాన్ని, ఆ క్షణంలో నన్ను ఎవరూ ఆపలేకపోయేవారు. ఆపింది విఠల్ సారే. ఆయన కోపం చాలాసార్లు చూశాను గానీ, ఆ గదిలో అంతమందిలో ఆయన కోప్పడింది నా ఒక్కదాని మీద.

“కూసో బిడ్డా. డేటా ఏం తప్పు చేసింది? రేపు ఆ గోలీ మింగినోనికి ఏమన్న అయితే యాడ చూస్తరు? ఎలుక మీది కోపంతోని ఇల్లు కాలవెడ్తవా?”

కూర్చున్నాను. వాళ్ళు ముందే రాసి తెచ్చిన కాగితం ఆయన ముందుకు లాక్కుని రాజీనామా మీద సంతకం పెట్టారు. డిస్కు సాక్ష్యమని వాళ్ళే ఉంచుకున్నారు. ఆయన సొంతంగా కొనుక్కున్న డిస్కు అది. దాన్ని ఆయనా అడగలేదు.

ఆ తరువాత కొన్నాళ్ళకు నేనూ అక్కడ మానేశాను. సార్ తమ్ముడి దుకాణంలో తరాజు పక్కన కూర్చునేవారు. చూడటానికి వెళ్తే బెల్లం ముక్క చేతిలో పెట్టేవారు, కంప్యూటర్ మాట ఎత్తనిచ్చేవారు కాదు. ఒక రోజు ఇక పట్టలేక అడిగాను, నోరు లేనట్టు ఎందుకు కూర్చున్నారని. వైరు వేలాడితే అరిచే మనిషి తనను దొంగ అన్నప్పుడు ఎందుకు అరవలేదని. నా గొంతు పెరిగింది, శనగలు కొనడానికి వచ్చినావిడ తిరిగి చూసింది. ఆయన తరాజు పళ్ళెం తుడిచి పక్కన పెట్టారు.

“ఇంటికి తీస్కపోయిన మాట నిజమే గద,” అన్నారు. “ఎందుకు తీస్కపోయినవని ఒక్కడన్న అడుగుతడేమోనని చూసిన. అడగలే.”

నాకు ఆ జవాబు ఆ రోజూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అడక్కపోతే చెప్పకూడదా? అడగనివాళ్ళ చెవిలో పడేలా అరవడానికే కదా దేవుడు అంత గొంతు ఇచ్చింది. నిజం తన వైపు ఉన్నవాడు ఇంత మర్యాదగా కూర్చుంటే అబద్ధానికి సోఫా వేసినట్టే. ఈ మాట ఆయనతో అనాలని చాలాసార్లు అనుకున్నాను. పోయిన ఎండాకాలం, ఆ దుకాణంలోనే, గుండె ఆగి ఆయన వెళ్ళిపోయారు.

పెద్దకర్మ నాడు జీఎం వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకుని అనసూయమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “మీ ఆయన అద్దంలాంటి మనిషమ్మా,” అన్నాడు. ఏం అంటున్నాడో అతనికి తెలియదు, ఆ అద్దం మాటకే ఆ రోజు నవ్వి మమ్మల్ని పంపించేసింది కూడా గుర్తుండి ఉండదు. నేను పక్కనే ఉన్నాను. అద్దం కాదు సార్, జిరాక్స్, మీ సర్వర్‌లో ఇంకా నడుస్తోంది చూసుకోండి అన్నాను. ఎవరో నా మోచెయ్యి పట్టి పక్కకు లాగారు. కర్మ ఇంట్లో గొడవేమిటి అన్నారు. గొడవ చేయాల్సిన ఇల్లు అది కాదని నాకూ తెలుసు. చేయాల్సిన గదిలో సారే నన్ను కూసో అన్నారు.

వెళ్ళేటప్పుడు అనసూయమ్మ పైగదికి తీసుకెళ్ళింది. నల్ల క్యాబినెట్ మీద బట్ట కప్పి ఉంది. ఫ్యాక్టరీ వాళ్ళు ఉంచుకున్న డిస్కు ఉండే చోట గూడు ఖాళీగా ఉంది.

“పన్ను ఊడిన నోరు తీరుగున్నది, నాకు చూడబుద్ధయితలేదు,” అంది. “నువ్వు తీస్కపో. నడిపియ్యి.”

అది ఇప్పుడు నా ఇంట్లో నడుస్తోంది. ఎస్‌ఎస్‌డీ గల్లాపెట్టె స్థానంలో ఉంది, పాత పెద్ద డిస్కులు గోదాములో ఉన్నాయి, ఏ రెండూ ఒక పెట్టెలోవి కావు. మిర్రర్ ఉంది. దాన్ని నమ్మను. కాపీల డిస్కు ఆదివారం తగిలించి, పని కాగానే ఊడదీసి బీరువాలో పెడతాను. ఆఫీసు ఫైలు ఒక్కటి కూడా ఈ గడప దాటి రాదు, లోపల నడిచే కంపెనీలూ ఉద్యోగులూ అన్నీ నేను కల్పించినవే. అది కూడా సార్ నేర్పిందే, చెప్పి కాదు. కాపీ చేయడం అయ్యాక ఒక మెషీన్‌ను కావాలని చెరిపేసి, మళ్ళీ లేపి, అది నడిచేదాకా కుర్చీలోంచి లేవను.

ఇప్పుడు నేను పనిచేసే చోట రెండో కాపీకి జాగా లేదని పెద్దవాళ్ళు నవ్వి చెప్పబోతే, నేను నవ్వను. ఎందుకు కావాలో వాళ్ళు అడిగేదాకా ఆగను. గొంతు పెరిగిందంటారు, ఆడపిల్లకు ఇంత కోపమేమిటంటారు. అది నాది కాదు. ఆ మీటింగ్ గదిలో విఠల్ సార్ వాడకుండా వదిలేసి వచ్చిన కోపం అది. ఆయన దగ్గరున్నది ఆయనతోనే పోయింది. నా దగ్గర విడిగా ఒక కాపీ ఉంది. ఎవరైనా అడిగితే, ఉందని చెప్పను. తీసి చూపిస్తాను.