పచ్చి కర్రకు మూడు కొటేషన్లు

ఆ రోజుల్లో నాకు లోకమంతా ఒక పెద్ద ఫైల్లా కనబడేది. తొంభైల నాటి సంగతి. ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో, సామాన్లు కొనే సెక్షన్లో గుమాస్తాగా చేరి ఏడాది కూడా కాలేదు. గుండుసూదులు కొనాలన్నా మూడు కొట్ల నుంచి కొటేషన్లు తెప్పించాలి, వాటిని పక్కపక్కన గళ్లల్లో రాయాలి, పైవాళ్ల సంతకం పెట్టించాలి. ఆ గళ్ల కాగితాన్ని కంపారటివ్ స్టేట్‌మెంట్ అనేవాళ్లం. దాన్ని నా అంత ముచ్చటగా గీసేవాడు మా అంతస్తులోనే లేడని మా ఆఫీసరుగారు ఒకసారి అన్నారు. (ఆయన ఆ మాట అనకుండా ఉండాల్సింది. నాలాంటివాడికి అలాంటివి తొందరగా తలకెక్కుతాయి.)

సరోజినీ నగర్‌లో మా అక్కాబావల క్వార్టర్లో ఉండేవాణ్ణి. బావ కూడా గవర్నమెంటు ఉద్యోగే, నాకన్నా రెండు మెట్లు పైన. మేం మేడ మీద ఉంటే కింద ఒక పంజాబీ కుటుంబం ఉండేది. ఆ ఇంటి పెద్దావిడని కాలనీ అంతా బీజీ అని పిలిచేది. ఆఫీసు కాక నాకున్న పిచ్చి ఒక్కటే, కర్రని తిప్పుతూ చెక్కే లేతు. మాది అనకాపల్లి వైపు. లక్క బొమ్మలు చేసే మా మేనమామ పక్కన సెలవల్లో కూచుని, తిరిగే కర్రకి ఉలి ఆనించి బొంగరాలూ బరిణెలూ తియ్యడం నేర్చుకున్నాను. ఢిల్లీ వచ్చాక పాత ఇనప సామాన్ల కొట్లో ఒక చిన్న లేతు మిషను దొరికితే తెచ్చి బాల్కనీలో బిగించాను. అది తిరుగుతుంటే కింద బీజీ వాళ్ల ఊరగాయ జాడీలు కూడా కాస్త తిరిగేవట.

మే నెలలో ఒక సాయంత్రం దుమ్ముగాలి లేచింది. కింద పచ్చికలో ఉన్న మల్బరీ చెట్టు సగం వేళ్లు పైకి లేచి, సగం మట్టిలోనే ఉండి, పక్కకి ఒరిగి పడిపోయింది. బీజీ ఆ క్వార్టర్లోకి వచ్చిన ఏడు తన చేత్తో నాటిన చెట్టు అది. ఆవిడ కొడుకు నెల్లాళ్లలో రిటైరవుతున్నాడు, ఇల్లు ఖాళీ చేసి కర్నాల్ వెళ్లిపోతున్నారు. మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచి, "బేటా, నీ మిషను మీద దీంట్లోంచి నాకో కటోరీ తీసిస్తావా? చిన్న గిన్నె చాలు. చెట్టుని ట్రంకు పెట్టెలో పెట్టుకుపోలేను కదా" అంది. "తప్పకుండా బీజీ" అన్నాను. కాలనీ తోటమాలి కూడా, కావలసింది కోసుకోమనీ మిగిలింది ట్రక్కు వచ్చి పట్టుకుపోతుందనీ చెప్పాడు. లేతు మీద పచ్చి కర్రంత సుఖమైంది లేదు, ఉలి ఆనిస్తే చాలు పొడుగాటి తొక్కలు లేస్తాయి. కానీ ఢిల్లీ ఎండకి పడున్న మాను కొసల నుంచి బీటలు వారుతుంది కాబట్టి ఆలస్యం పనికిరాదు. ఇదంతా నాకు బాగా తెలుసు.

మా మామ మణికట్టంత కొమ్మల్ని చేతిరంపంతో కోసేవాడు. ఈ మాను నా నడుమంత ఉంది. దీనికి చైన్ సా ఉండి తీరాలని తేల్చేశాను. పళ్లున్న గొలుసు మోటారు మీద గిర్రున తిరిగి కోసే ఆ రంపాన్ని అప్పటికి బొమ్మలోనే చూశాను. కొనడం సరే, ఏది కొనాలి? అక్కడ నాలోని గుమాస్తా లేచి కూచున్నాడు.

మొదటి శనివారం పాత ఢిల్లీలో ఇనప సామాన్లమ్మే చావ్‌డీ బజార్ వెళ్లాను. ఒక సర్దార్జీ కొట్లో పెట్రోలు రంపం ఉంది. "ఏం కోస్తారు?" అన్నాడాయన. "పచ్చి కర్ర" అన్నాను. "ఎంత లావు?" అన్నాడు. కొలవలేదు. బస్సెక్కి వెనక్కొచ్చి, అక్క కుట్టుమిషను టేపుతో చెట్టు నడుము కొలుచుకుని, రెండో శనివారం మళ్లీ వెళ్లాను. అబద్ధమెందుకు, ఆ తిరుగుడు నాకు భలే బాగుంది. గొలుసు తిరిగే పట్టీ మాను లావుకన్నా పొడుగ్గా ఉంటే ఒక్క కోతలో తెగుతుందట. పెట్రోలులో నూనె కలిపి పొయ్యాలట. కొస తగిలితే రంపం మొహం మీదకి ఎగురుతుందట. ప్రతి "అట" వెంటా నాకు ఇంకో ప్రశ్న పుట్టేది. పక్క కొట్లో కరెంటుది చూశాను. తేలిక, పొగ లేదు, కానీ పట్టీ పొట్టి, పైగా వైరు కావాలి. మా బాల్కనీ నుంచి చెట్టు దాకా ఎంత వైరు పడుతుందో అడుగులేసి కొలిచాను. మూడో కొట్టు దొరకలేదు. చివరికి బోల్టులమ్మే ఒకాయన్ని బతిమాలితే, "మీరు కొననని మాటిస్తే రాసిస్తాను" అని, తన జన్మలో చూడని రంపానికి కొటేషన్ రాసిచ్చాడు.

ఈ లోపల రోజూ ఆఫీసు నుంచి రాగానే బీజీ వాకిట్లో మంచం మీంచి అడిగేది, "ఆరీ ఆయీ, బేటా?" అని. రంపం వచ్చిందా అని. నేను నడుస్తూనే "అండర్ ప్రాసెస్, బీజీ" అనేవాణ్ణి. ఆవిడ "అచ్ఛా, అచ్ఛా" అని బుర్ర ఊపేది.

పదకొండు గళ్లతో స్టేట్‌మెంట్ తయారుచేసి, రాత్రి భోజనాల దగ్గర బావ ముందు పెట్టాను. ఆయన ఎడంచేత్తో పెన్ను తీసి అడుగున "ప్లీజ్ డిస్కస్" అని రాసి నావైపు తోశాడు.

"ఎదురుగానే ఉన్నాను కదా బావా, డిస్కస్ చెయ్యి" అన్నాను.

"అన్నం దగ్గర ఆఫీసు మాటలొద్దోయ్" అన్నాడు.

అక్క పప్పు గరిటె పట్టుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏట్రా ఇది? నువ్వు కర్ర కోస్తావా, కాయితాలు కోస్తావా?"

డిస్కషన్లో బావ రెండు సందేహాలు లేవదీశాడు, గొలుసు అరిగితే ఇంకోటి దొరుకుతుందా అనీ, బాగుచేసేదెవరనీ. అవి తీర్చడానికి ఇంకో రెండు శనివారాలు పట్టాయి. చివరికి ఒక మంగళవారం పొద్దున పెట్రోలుదానికి బావ ఆమోదం సంతకం పడింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి ట్రక్కు వచ్చి వెళ్లిపోయింది. మాను లేదు. పచ్చికలో టైరు జాడలూ, మొదలూ, దాన్ని పట్టుకుని ఒక్క కొమ్మా మిగిలాయి. జేబులో సంతకం పెట్టిన కాగితం ఉంది. అంత సిగ్గు నేను అంతకు ముందెప్పుడూ పడలేదు. ఆ తర్వాత వారం రోజులు బీజీ కంట పడకుండా వెనక మెట్లెక్కాను.

వాళ్లు వెళ్లిపోయే రోజు ఆదివారం. ఫ్రిజ్‌కీ బీరువాకీ చెక్కలు బిగించడానికి ఒక వడ్రంగి వచ్చాడు. బీజీ నన్ను పేరు పెట్టి పిలిచింది, దిగక తప్పలేదు. తిడుతుందనుకున్నాను. ఆవిడ నన్ను మొదలు దగ్గరికి తీసుకెళ్లి ఆ కొమ్మ చూపించింది. ఆకులు పచ్చగా ఉన్నాయి. చెట్టు పడ్డ నాటి నుంచీ రోజూ పొద్దున్నే రెండు చెంబుల నీళ్లు ఆ వేళ్లకి పోస్తోందట, నా రంపం వచ్చేదాకా ఎండిపోకూడదని. ఆవిడ వడ్రంగితో "భయ్యా, జరా" అంది, కాస్త కోసిపెట్టమని. అతను బీడీ పక్కన పెట్టి, మామూలు చేతిరంపంతో, టీ తాగినంత సేపట్లో తొడంత లావు ముక్క కోసి నా చేతిలో పెట్టాడు.

"దీంట్లోంచి వస్తుందా?" అంది బీజీ.

"వస్తుంది బీజీ" అని మెట్లు మూడేసి ఎక్కాను. ముక్కని గొడ్డలితో నిలువునా చీల్చి లేతుకి బిగిస్తే, ఉలి ఆనించగానే చెట్టు నీళ్లు నా మొహం మీద చిమ్మాయి. కింద లారీలో మంచాలెక్కుతున్నాయి. మల్బరీ పచ్చిగా ఉన్నప్పుడు పసుపు రంగులో ఉంటుంది. దోసిట్లో పట్టే పసుప్పచ్చ గిన్నె, లారీ హారన్ కొట్టేసరికి తయారైంది. పరిగెత్తుకెళ్లి ఇచ్చాను. గుమాస్తాని కదా, ఇస్తూ షరతు కూడా చెప్పాను.

"ఇది పచ్చి కర్ర బీజీ. ఎండేకొద్దీ వంకర పోతుంది."

ఆవిడ గిన్నెని ఒళ్లో పెట్టుకుని, వంగని తన మోకాలిని రెండు చేతుల్తో ఎత్తి లారీ లోపలికి లాక్కుని, నవ్వింది. "ఎండితే వంకర పోనిదెవరు, బేటా?"

ఆ గిన్నె ఎంత వంకర పోయిందో నాకు తెలియలేదు. నేను మాత్రం బాగానే వంకర పోయాను. రిటైరై గురుగ్రామ్‌లో ఉంటున్నాను. మోకాళ్లు లిఫ్టు లేనిదే మాట వినవు. ఎవరైనా ఏదైనా చేసిపెట్టమంటే చేతికి దొరికినదాంతో అప్పుడే మొదలెట్టేస్తాను, అందుకే ఇంట్లో తిన్నగా మూసుకునే అల్మారా తలుపు ఒక్కటీ లేదని మా ఆవిడ గోల. ఆ పదకొండు గళ్ల కుర్రాడు చూస్తే నా మీద పెద్ద నోట్ రాసేవాడు. నేను వాణ్ణి ఏమీ అనను. ఎండలో బస్సులు పట్టుకుని కొట్లన్నీ తిరిగింది, ఆ పెద్దావిడకి మంచి గిన్నె ఇవ్వాలనే కదా.